ఆఖరున వచ్చినవాడికి శ్రీ

పొద్దున బడి ముందు నుంచే కదా వచ్చారు? ఏం చూశారో చెప్పండి. పిల్లల్ని చూశామంటారు. సంచులు చూశాం, సైకిళ్లు చూశాం అంటారు. లోపల చూశారు, బాగుంది. మరి గుమ్మం బయట? చూడలేదన్నమాట. సరే, కూర్చోండి. చూసిన మనిషి కథ చెబుతాను.

గెడ్డకి వంతెన లేని కాలం. ఇసుకని అమ్ముకోవచ్చని ఎవరికీ తోచని కాలం. గెడ్డ ఒడ్డున ఒక ఊరు, ఊళ్లో ఒక వీధిబడి, బడిలో ముప్పై ఇద్దరు పిల్లలు. పలకలు లేవు, కాగితం లేదు. నేల మీద ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దేవారు. ఆ ఇసుక మోసేది నూకాలు. పొద్దున్నే గెడ్డకి పోయేది. తట్టతో తెచ్చేది, జల్లించేది, పరిచేది. సాయంత్రం పిల్లలు రాసిందంతా చీపురుతో చెరిపేది. ముప్పై ఏళ్లు చెరిపింది. ఒక్క అక్షరం పేరు తెలియదు. ప్రతి అక్షరం ఒంపూ తెలుసు.

పంతులు పేరు విస్సయ్య. ఆయన బడికో ఆనవాయితీ ఉంది. పొద్దున మొదట వచ్చినవాడి అరచేతిలో శ్రీ రాస్తాడు. రెండోవాడి చేతిలో చుక్క పెడతాడు. మూడోవాడికి చింతబరికెతో ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అలా చివరిదాకా.

"ఎంత న్యాయం! అందరికీ ఒకటే లెక్క" అని ఊరు మెచ్చుకునేది.

న్యాయమట! పైడికి పుట్టుకతో ఒక కాలు వంకర. కోడి కూయగానే బయల్దేరినా వాడే ఆఖరు. రోజూ ముప్పై దెబ్బలు. కాలు వంకరైతే చేతికెందుకు శిక్ష అని ఆ ఊళ్లో ఒక్క మగాడు అడిగాడా? ఒక్క ఆడది అడిగిందా?

ఒకనాడు కొట్టీ కొట్టీ పంతులికే రెక్క పీకింది. "నీ వల్ల నా చెయ్యి పడిపోతోందిరా. పో, బయట కూర్చో" అన్నాడు. పైడి గుమ్మం బయట కూర్చున్నాడు. మర్నాడు సన్యాసి అనే పిల్లాణ్ణి గెంటాడు. వాడికి చూపు మసక, నేల మీద అక్షరం కనబడదు. మూడోనాడు గంగిని గెంటాడు. ఆ పిల్లకి ఏదైనా నూరుసార్లు చెప్పాలి. పంతులు మూడుసార్లు చెప్పి విసిగాడు. ముగ్గురూ గుమ్మం బయటే. ఎండొస్తే ఎండలో, వానొస్తే వానలో.

వాళ్ల తండ్రుల్ని పిలిచి చెప్పేశాడు కూడా. "దసరాదాకా చూస్తాను. ఆ తర్వాత ముగ్గుర్నీ పశువుల వెంట తోలెయ్యండి."

వంకర కాలివాడు పశువుల వెంట ఎలా పరుగెడతాడయ్యా? అదీ ఎవరూ అడగలేదు. ఊరు ఆ ముగ్గుర్నీ దాటుకుంటూ పోయింది. నూకాలు ఒక్కతే ఆగింది.

మర్నాటి నుంచి నెత్తిన ఇసుక తట్ట, చంకన పైడి. గుమ్మం బయటే సన్యాసికి ఇసుక తడిపి, బొటనవేలితో లోతుగా అక్షరం గీసేది. వాడి వేలు ఆ గాడిలో నడిచేది. అక్షరం పేరు ఆమెకి తెలియదు కదా, లోపలి వల్లెలు విని పైడి చెప్పేవాడు. గంగికి నూరుసార్లు చూపించేది. నూట ఒకటోసారి కూడా చూపించేది.

పంతులు చూశాడు. "ఏమే నూకాలూ, ఇసుక మొయ్యమంటే బడి పెట్టావా?"

"నానేటి పెట్టాను బాబూ? మీరు పారబోసింది ఏరుకుంతన్నాను."

"ఆ గంగికి ఏం వచ్చిందే?"

"ఒక అచ్చరం వచ్చింది."

"ఒక్క అక్షరానికి బడెందుకు?"

"రాకపోయినా కూకోవాలి బాబూ. గెడ్డలో ఇసకుంది. బడిలో సోటుంది. మరి లేనిదేటి?"

పంతులు లోపలికి తిరిగి వల్లె అందుకున్నాడు. మర్నాడు మళ్లీ అడిగింది. "గెడ్డలో ఇసకుంది. బడిలో సోటుంది. మరి లేనిదేటి?" పంతులు విననట్టే పోయాడు. మూడోనాడు అడిగితే "నోర్ముయ్" అన్నాడు.

నూకాలు తట్ట బోర్లించింది. "అయితే రేపట్నించి ఇసక లేదు."

మొదటిరోజు ఇసుక లేదు. ఇంకొకరి పని చెయ్యడం ఆ ఊళ్లో తప్పు. "అది నూకాలు పని, మేం ముట్టం" అన్నారందరూ. రెండోరోజు పెద్దపిల్లలు తెచ్చారు. జల్లించడం తెలీదు. నత్తగుల్లలు కోసుకుని పిల్లల వేళ్లన్నీ నెత్తురు. మూడోరోజు పంతులే తట్ట పట్టుకుని గెడ్డలోకి దిగాడు. మడమలో తుమ్మముల్లు దిగి లోపలే విరిగింది.

నెత్తిన ఇసుకతో కుంటుకుంటూ బడికి చేరేసరికి పొద్దెక్కింది. ముప్పై ఇద్దరూ అప్పటికే వచ్చేశారు. గుమ్మం దగ్గర నూకాలు నిలబడి ఉంది.

"ఏల బాబూ ఇంత ఆలీసెం?"

"ముల్లు దిగిందే. నడవలేకపోయాను."

"పైడికి పుట్టినకాడ్నించీ దిగే ఉంది. ఆఖర్న వచ్చినోళ్లకి ఎన్ని దెబ్బలు?"

గుమ్మం బయటి నుంచి పైడి గొంతు వినిపించింది. వాడు నవ్వలేదు, ఏడవలేదు. ఉన్న లెక్క చెప్పాడు.

"నాకైతే ముప్పై. పంతులుగారికి ముప్పై ఒకటి."

నూకాలు చూరులోంచి చింతబరికె లాగింది. కొడుతుందనే అనుకున్నారందరూ. మోకాలికేసి విరిచింది. మూడు ముక్కలు చేసి, "పొయ్యిలోకి పనికొస్తాయి" అని కొంగున ముడేసుకుంది.

పంతులు అక్కడే కూలబడ్డాడు. ముల్లు దిగిన మడమ పట్టుకుని, పైడి వంకర కాలు వంక చూశాడు. తర్వాత పైడిని పిలిచి, వాడి అరచెయ్యి తెరిచి శ్రీ రాశాడు. ముగ్గురూ గుమ్మం దాటారు.

పంతులు ఒక్కపూటలో దేవుడైపోయాడని నేను చెప్పను. ముల్లు సలిపినన్నాళ్లు జ్ఞాపకం ఉంది. మానాక మరిచిపోబోయాడు. మరిచిపోబోయినప్పుడల్లా నూకాలు తట్ట బోర్లించేది.

చాలా ఏళ్లకి నూకాలు పోయింది. ఆ రోజూ ఇసుక తెస్తూనే, సగం తట్టతో, బడి గుమ్మంలోనే ఒరిగిపోయింది. ఆ తట్ట సగంగా ఉండకూడదని, అప్పటికి పెద్దదైపోయిన గంగి పరుగెత్తి గెడ్డకి పోయి ఒక గుప్పెడు తెచ్చి పోసింది. ఆ వెనక సన్యాసి. ఆ వెనక పైడి. ఆ వెనక బడంతా. తట్ట నిండింది. గంగి ఆ ఇసుక మీద తనకి వచ్చిన ఒక్క అక్షరం రాసింది. దాన్ని ఆ సాయంత్రం ఎవరూ చెరపలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్లో బడి తెరిచిన రోజున ప్రతి బిడ్డా గుప్పెడు ఇసుక తెచ్చి గుమ్మంలో పోస్తుంది. నూకాలు గుప్పెడు అంటారు దాన్ని. ఆఖరి బిడ్డ వచ్చేదాకా ఎవరూ లోపలికి పోరు. ఆ ఆఖరి బిడ్డ చేతిలోనే శ్రీ రాస్తారు. ఎవరైనా ఎవరికైనా చోటు లేదంటే, ముసలివాళ్లు ఇంకా అడుగుతారు: "గెడ్డలో ఇసకుంది. బడిలో సోటుంది. మరి లేనిదేటి?"

అది ఆ ఊరి సంగతి. మన ఊరి బడికి ఏడు మెట్లు కట్టారు. గోడ మీద పెద్ద అక్షరాలతో "అందరికీ చదువు" అని రాశారు. రేపు పొద్దున మీరు మళ్లీ ఆ దారినే పోతారు. ఆ అక్షరాల కింద, గోడకి చేరగిలబడి, బయట కూర్చున్నది ఎవరి బిడ్డ?