బల్బు నక్క మాట వినలేదు

పాక వెనక చూరు కింద ట్రాక్టరు బ్యాటరీ ఒకటుంది. దాని నుంచి లోపలి బల్బుకి తీగలు వచ్చాయి. ముసురు రోజుల్లో చుక్కల కోడి పిల్లలు తొమ్మిదీ ఆ బల్బు కిందే వెచ్చగా పడుకునేవి. ఆ ఉదయం బల్బు ఆరిపోయింది. పిల్లలు వణకడం మొదలుపెట్టాయో లేదో, ఎవరో కబురు పెట్టినట్టు నక్క గుమ్మంలో నిలబడింది.

"బల్బుకి దిష్టి తగిలిందమ్మాయ్. నేను మంత్రమేస్తే వెలుగుద్ది. పూటకో పిల్లనిస్తే చాలు."

"ఇవ్వను," అంది కోడి.

"చలికి తొమ్మిదీ పోతే?"

"అయినా ఇవ్వను. మంత్రాలకు చింతకాయలు రాల్తాయా బావా?"

"సాయంత్రం మళ్లీ వస్తాలే, అప్పుడు చూద్దాం," అని నక్క వెళ్లిపోయింది.

అనడమైతే అంది గానీ కోడికి భయంగానే ఉంది. దాని రెక్కల కింద ఆరు పిల్లలే పట్టాయి. తీగల వెంట వెళ్లి చూసి, పక్క కొట్టంలో ఉన్న గానుగెద్దు దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, రెండు తీగల్లో ఒకటి ఊడి వేలాడుతోంది. దాని మీద పంటి గాట్లున్నాయి. రెండోది బాగానే ఉందిగా, మరి కరెంటు ఎందుకు రాదు?"

"పదేళ్లు గానుగ తిప్పానే నేను. బయల్దేరిన చోటికి తిరిగొస్తేనే గానుగ ఆడేది. కరెంటూ అంతే. బ్యాటరీ ఒక కొసలో బయల్దేరి, బల్బులోంచి పోయి, రెండో కొసకి చేరాలి. దారి ఎక్కడ తెగినా మొత్తం ఆగుద్ది. పోయి కలుపు. ఇది బ్యాటరీ కాబట్టి ముట్టుకోమంటున్నా, స్తంభం తీగల జోలికి మాత్రం పోకు."

కోడి తీగను ముక్కుతో లాగి బ్యాటరీ రెండో కొసకి మెలిపెట్టింది. బల్బు వెలిగింది.

సాయంత్రం నక్క వచ్చి ఆ వెలుతురు చూసింది. అయినా తడబడలేదు.

"చూశావా, నా మంత్రం దూరం నుంచే పనిచేసింది. ఏదీ నా పిల్ల?"

"ఆర్పే మంత్రం కూడా చదువు బావా. ఇక్కడే, నా ఎదురుగా. ఆరిందంటే తొమ్మిదీ నీవే."

నక్క కళ్లు మూసి చాలాసేపు గొణిగింది. బల్బు వెలుగుతూనే ఉంది. మెల్లగా పాక వెనక్కి జారుకుంటే, అక్కడ బ్యాటరీకి అడ్డంగా గానుగెద్దు కొమ్ములు దించి నిలబడి ఉంది.

"కాస్త తప్పుకో తాతా."

"తప్పుకోను. మంత్రానికి తీగతో పనేంటి?"

నక్క తోక ముడిచి వానలోకి దిగింది.

"మళ్లీ రా బావా," అని కేకేసింది కోడి. "బల్బు ఎలా వెలుగుద్దో ఈసారి నేను నేర్పుతా."

గుట్టు తెలిసినవాళ్లని మంత్రాలతో బెదిరించలేరు.