ఇసుక మేట మీద కాకి కాపలా

ముందు జరిగిందేదో, తరువాత జరిగిందేదో ఒకటీ అరా తారుమారు కావచ్చు గానీ, నువ్వు చెప్పిన కథ మాత్రం ఇదే వదినా.

గోదావరి నడుమ ఒక లంక. అందులో పుచ్చపాదుల పక్కన, ఒట్టి ఇసుక మీద సూరాయమ్మ అనే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. వీరభద్రం అనే నక్క రెండు తినేశాడు. మిగిలిన రెండైనా దక్కుతాయా అన్న బెంగతో ఆమెకు మేత సహించడం లేదు.

లంకకు పహరా కాకులది. వాటి పెద్ద బంగారయ్య లంకను చాళ్లుగా విడగొట్టి, తూర్పు నుంచి పడమరకు ఒక్కో చాలే గాలించేవాడు. చూసిన చాలు వైపు మళ్లీ తల తిప్పేవాడు కాదు. వీరభద్రం పాదుల్లో పొంచి ఉండి, కాకులు ముందుకు సాగగానే అవి చూసిన చాల్లోకే జరిగేవాడు. రెండో గుడ్డుకు వచ్చినప్పుడు ఎగతాళి కూడా చేశాడు.

“బంగారయ్య బావ ఇప్పుడే చూసి వెళ్లాడు కదత్తా. ఇక్కడ ఎవరూ లేరట.”

సూరాయమ్మ వెళ్లి మొరపెట్టుకుంటే బంగారయ్యకు రోషమొచ్చింది. ఇంకో పది కాకుల్ని పిలిపిస్తానన్నాడు.

“వంద తెచ్చినా అంతేనయ్యా. నువ్వు చూసిన చోటు, చూసినంతసేపే ఖాళీ. వాడికి కాళ్లున్నాయి” అంది సూరాయమ్మ.

“అయితే ఏం చెయ్యమంటావక్కా?”

తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చునే ఆమె లెక్క కట్టుకుంది. వీరభద్రం ఉండేది అవతలి గట్టున. రోజూ పొద్దున్నే, ఉన్న ఒకే దారైన సన్నటి ఇసుక మేట మీదుగా లంకలోకి వస్తాడు. వాడు ఆ మేట దాటేలోగా ఒక కాకి దాని మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిరగొచ్చు. లంకంతా గాలించడం మాని అక్కడే తిరిగితే, వాడెంత గబగబా నడిచినా కంటబడక తప్పదు. బంగారయ్యను పిలిచి అదే చెప్పింది.

ఇంత చిన్న పనికి పెద్దకాకి ఎందుకని బంగారయ్య కాసేపు గునిసి, చివరికి తానే వెళ్లాడు.

మర్నాడు వీరభద్రం సగం మేట దాటేసరికి బంగారయ్య అరిచాడు. ఆ అరుపుకి పుచ్చపాదుల దగ్గర నిద్రపోతున్న కాపలా కుక్కలు లేచి ఎదురొచ్చాయి. వెనక కాకుల గుంపు దిగింది.

“ఈవేళ లంక గాలించలేదేం బావా?” అన్నాడు వీరభద్రం, దిక్కులు చూస్తూ.

“అక్కడేముంది? నువ్విక్కడుంటివి” అన్నాడు బంగారయ్య.

వీరభద్రం నీళ్లలో దూకి ఏటివాలున కొట్టుకుపోయి ఎక్కడో తేలాడు. మళ్లీ ఆ వైపు రాలేదు. వారం తిరక్కుండానే రెండు గుడ్లూ పిల్లలయ్యాయి.

కదిలేవాణ్ణి పట్టాలంటే ఊరంతా వెతకడం కాదు, వాడు దాటక తప్పని చోట కాయాలి.

వదినా, పేర్లు ఒకసారి చూసి పెట్టు. కాకి బంగారయ్యే గదా?