రాజుగారి చదరంగం లెక్క

అనగా అనగా, మబ్బులు దిగివచ్చి కొండల ఒళ్లో కునుకు తీసే కాలంలో, మణిసారం అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలేవాడు ఉదయభానుడు. చదరంగంలో ఆయన్ని ఓడించినవాడు లేడు. ఆ సంగతి ఎవరు మరిచిపోయినా ఆయన మాత్రం మరిచిపోయేవాడు కాదు.

ఒకసారి పెళ్లివిందులో రాజుగారి తలపాగా జారి పాయసం గిన్నెలో పడింది. అది చూసి బావమరిది పకపకా నవ్వాడు. ఆ బావమరిది రాణి ఇందులేఖకు తమ్ముడు, పొరుగు రాజ్యానికి రాజు. ఉదయభానుడికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే యుద్ధం ప్రకటించి, కోట బయటి మైదానంలో సేనను దించాడు.

రాణి ముఖం పాలిపోయింది. ఒకవైపు భర్త, మరోవైపు తోడబుట్టినవాడు. ఎవరు గెలిచినా ఏడవవలసింది తనే కదా.

"భయమెందుకు దేవీ? ఏ ఎత్తుకు ఏ పైఎత్తో చివరిదాకా నా కళ్లకు కడుతోంది," అన్నాడు రాజు.

రాణి చదరంగం పలక తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అయితే ప్రభూ, దీని మీద ఎన్ని రకాల ఆటలు ఆడవచ్చో లెక్క తేల్చండి. తేలిన రోజున నేనే మీకు తిలకం దిద్ది పంపుతాను. అందాకా సేన కదలకూడదు."

ఉన్నవి అరవై నాలుగు గళ్లు, అదెంత పని అనుకున్నాడు రాజు. సరేనని మాట ఇచ్చేశాడు.

ముందు ఆస్థాన గణకులు కూర్చున్నారు. మొదటి ఎత్తు ఇరవై విధాలు. దానికి జవాబూ ఇరవై విధాలు, వెరసి నాలుగు వందలు. మూడో ఎత్తుకే తొమ్మిది వేలకు చేరువైంది. ఆపైన రాయడానికి తాటాకులు చాలక ఊళ్లోని తాటిచెట్లన్నీ బోడివయ్యాయి. గణకులు అంకెలు గొణుక్కుంటూనే నిద్రలోకి జారుకున్నారు.

తరువాత రాజు రాజహంసలను పిలిపించి, ఆటకొక ఇసుక రేణువు చొప్పున ఏటి నుంచి తెచ్చి పోయమన్నాడు. తెల్లని రెక్కలు పొద్దంతా మెత్తగా ఆడాయి. పొగమంచులో ఏది హంసో ఏది మబ్బో తెలిసేది కాదు. రాజు కళ్లప్పగించి చూస్తూ తిండి మాటే మరిచాడు. ఒక సాయంత్రం పెద్ద హంస వచ్చి ఆయన పక్కన వాలింది.

"ఏట్లో ఇసుక అయిపోయింది ప్రభూ. లెక్క ఇంకా మొదట్లోనే ఉంది," అంది.

రాజుకు పంతం పెరిగింది. మర్నాడు మధ్యాహ్నం తానే పలక ముందు కూర్చున్నాడు. ఎండ వెచ్చగా ఉంది. కనురెప్పలు వాలాయి. కలలో గళ్లు పొలాలై విచ్చుకున్నాయి. ఒక్కో ఆటా ఒక్కో బాటై కొండలు దాటి, ఆకాశంలోకి సాగిపోయింది. ఆ బాటలు మొదలయ్యే చోట ఒక చిన్న బంటు బరువైన డాలు మోయలేక మోస్తూ నిలబడి ఉన్నాడు.

"ఇన్ని ఆటలు చూశారు కదా ప్రభూ," అన్నాడు బంటు. "వీటిలో ఎన్నిటిలో నేను ఇల్లు చేరాను?"

రాజు వంగి ఆ బంటు ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లలో పలక మీంచి తీసేసిన బంటు వంక తాను ఒక్కసారైనా చూడలేదు. సిగ్గుతో చితికిపోయాడు.

మెలకువ వచ్చేసరికి మైదానంలో సైనికుల పాట వినిపిస్తోంది. ఇన్నాళ్లుగా మంచులో, చలిలో, తన లెక్క తేలడం కోసం వాళ్లు పడి ఉన్నారు. వాళ్లలో ఒక్కడి పేరైనా తనకు తెలియదు.

రాజు తిన్నగా రాణి దగ్గరికి వెళ్లాడు.

"లెక్క తేలలేదు దేవీ. నాకు తేలదు కూడా. చెక్కపలక అంతు కూడా తెలియనివాణ్ణి, యుద్ధం అంతు తెలుసన్నాను."

ఆ సాయంత్రమే సేనను ఇళ్లకు పంపేశాడు. మైదానం అంచున నిలబడి, వెళ్లే ప్రతివాడినీ పేరు అడిగాడు. పక్కన నిలబడ్డ రాణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

చిన్న పలక మీది ఆటలకే అంతు దొరకనప్పుడు, మనుషుల ప్రాణాలతో ఆడే ఆట ముగింపు తనకు తెలుసనుకోవడం అవివేకం.