మసేను అన్నదమ్ములు పాత బోటింజను చూడ్డానికెళ్ళారు

మూలపేట రేవులో మసేను, కొర్లయ్య, బండియ్య అని ముగ్గురన్నదమ్ములు ఉండేవారు. సముద్రంలో వేటే వాళ్ళ బతుకు. "సముద్రంలో ఉప్పెంతుందో మనింట్లో తెలివి అంతుందిరా" అని పెద్దవాడు మసేను రోజూ పళ్ళు తోముకుంటూ చెప్పేవాడు. తమ్ముళ్ళిద్దరూ "అంతే కదన్నా!" అనేవారు. మసేను పెళ్ళాం పరదేశమ్మ మాత్రం చేపల తట్ట ఎత్తుకుని సంతకి పోయేది.

ఆ ఏడు వేసవిలో సర్కారువాళ్ళు రెండు నెలలు వేట ఆపేశారు. ఇంట్లో అంబలి తప్ప ఏమీ లేదు. మూడు రోజుల్లో వేట మొదలవుతుందనగా చూసుకుంటే పడవ ఉంది, వల ఉంది, ఇంజను మాత్రం తుప్పుపట్టి రెండు ముక్కలైపోయింది.

"పక్క రేవులో దానయ్య మావ వేట మానేశాడంట" అంది పరదేశమ్మ. "ఆయన ఇంజను పాతదే గానీ మంచిదంటున్నారు. నా మేకలు రెండూ తోలుకెళ్ళి మార్చుకు రండి. ఊరికే తెచ్చేయకండి, ఎలా చూడాలో మెకానిక్కు ఎల్లాజీని అడిగెళ్ళండి."

ఎల్లాజీ కాలు విరిగి మంచం మీదున్నాడు. పడుకునే చెప్పాడు. "ఎన్ని గంటలు తిరిగిందో అడుగు బావా. ఉప్పునీళ్ళల్లో తిరిగొచ్చాక లోపలి ఉప్పు పోడానికి మంచినీళ్ళు పట్టారో లేదో కనుక్కో. తాడు లాగితే చేతికి గట్టిగా తగలాలి. పొగ చూడు. నీళ్ళల్లో పెట్టకుండా మాత్రం స్టార్ట్ చెయ్యకు, కాలిపోద్ది."

ఇంకేముంది, మేకల్ని తోలుకుని ముగ్గురూ దానయ్య ఇంటికెళ్ళారు. ఆయన పెరట్లో మీద కప్పిన పట్టా తీసి ఇంజను చూపించాడు.

"మావా, ఇది ఎన్ని గంటలు తిరిగింది?" అన్నాడు మసేను పెద్దమనిషిలా.

"రోజుకి మూడు గంటలు తిరిగేది నాయనా."

బండియ్య గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "మూడు గంటలే! ఒక్కతీ తిరిగేదా?"

"ఒక్కతీ ఎలా తిరుగుద్దిరా? నేనూ ఉండేవాణ్ణి."

"హమ్మయ్య! పెద్దవాళ్ళు తోడుంటే పర్లేదన్నా" అన్నాడు బండియ్య.

"మరి మంచినీళ్ళు పట్టేవాడివా మావా?" అన్నాడు కొర్లయ్య.

"ఇంటికి రాగానే పట్టేవాణ్ణి. ఏడాదయింది పట్టి" అని చెప్పి, దానయ్య మేకల్ని కట్టెయ్యడానికి వీధిలోకెళ్ళాడు.

"ఏడాదా! దీని గొంతెండిపోయుంటాది" అని కొర్లయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచి, ఆయిలు పోసే మూత తీసి గడగడా పోసేశాడు. "గుక్క తిప్పుకోకుండా తాగేసిందన్నా!"

అంతే, ఇక తాడు లాగాలి. మసేను తాడు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. మోచెయ్యి వెళ్ళి వెనకున్న బండియ్య ముక్కుకి తగిలింది.

"ముక్కుకి తగిలిందన్నా!"

"చేతికి కదరా తగలాలన్నాడు? సరిగ్గా నిలబడు."

మళ్ళీ లాగాడు. ఈసారి కొర్లయ్య దవడకి తగిలింది. "నువ్వూ సరిగ్గా లేవురా" అని మసేను కసిరాడు. కొర్లయ్య అరచెయ్యి చాపి నిలబడ్డాడు. మూడోసారి లాగితే ఫట్‌మని చేతికే తగిలింది. వేళ్ళు వాచాయి.

"తగిలింది! గట్టిగా తగిలింది! ఇంజను మంచిదే!" అని ముగ్గురూ గంతులేశారు.

కానీ పొగ లేదు. ముందు చూశారు, వెనక చూశారు. "పొగ చూడమన్నాడు, పొగ లేనిదే ఎలా చూస్తాం?" అని బండియ్య ఇంత కొబ్బరిపీచు తెచ్చి ఇంజను కింద పెట్టి అగ్గిపుల్ల గీశాడు. పొగొచ్చింది. తెల్లటి పొగ. ముగ్గురూ దగ్గుతూ మెచ్చుకుంటుంటే పక్కనున్న పట్టా భగ్గుమంది.

"కాలిపోద్దన్నాడు కదరా ఎల్లాజీ! నీళ్ళల్లో పెట్టండి!" అని మసేను అరిచాడు. ఇంకేముంది, ముగ్గురూ ఇంజన్ని ఎత్తి కుడితి తొట్టిలో తలకిందులుగా ముంచేశారు.

దానయ్య పరిగెత్తుకొచ్చి ముందు పట్టా ఆర్పాడు. తర్వాత తొట్టి దగ్గర చతికిలబడ్డాడు. పదేళ్ళు తనకి అన్నం పెట్టిన ఇంజను కుడితిలోంచి నీళ్ళు తోసే రెక్కలు పైకి పెట్టి చూస్తోంది. ఆయనకి ఏడుపొచ్చింది. తమ్ముళ్ళిద్దరి వాచిన మొహాలు చూసేసరికి నవ్వూ వచ్చింది.

"మీరు ముట్టుకోకండి. దూరంగా కూర్చోండి" అని, రెండు రోజులు విప్పి, తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ బిగించాడు. తాడు లాగితే బుర్రుమంది. మూలపేట దాకా వచ్చి పడవకి తనే తగిలించి, రెక్కలున్న కొస నీళ్ళ పైకి లేపి చూపించి, మసేను భుజం పట్టుకుని చెప్పాడు. "ఒక్కటి గుర్తుపెట్టుకో నాయనా. ఒడ్డు దగ్గరకొచ్చాక ఇంజను ఎత్తెయ్యండి. లేకపోతే రెక్క ఇసకలో దిగబడి విరిగిపోద్ది."

"మాకు చెప్పాలేటి మావా!" అన్నాడు మసేను.

మర్నాడు వేటకెళ్ళారు. అదృష్టం చూడండి, ఎవరికీ పడనన్ని కవళ్ళ చేపలు వాళ్ళ వలలోనే పడ్డాయి. పడవ నిండిపోయింది. పాటలు పాడుకుంటూ తిరిగొచ్చారు. ఒడ్డు దగ్గరకొచ్చింది.

"ఎత్తండ్రా!" అన్నాడు మసేను.

కొర్లయ్య బిగింపులు విప్పాడు. బండియ్య ఇంజన్ని వాటేసుకున్నాడు. ముగ్గురూ నడుంలోతు నీళ్ళల్లోకి దూకి, దాన్ని నెత్తిన పెట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చి ఇసక మీద దించారు.

పరదేశమ్మ తట్ట పట్టుకుని ఎదురొచ్చింది. "చేపలేవీ?"

"పడవలో ఉన్నాయి వదినా!"

"పడవేదీ?"

ముగ్గురూ వెనక్కి తిరిగారు. అలలు వెనక్కి తీస్తుంటే పడవ ఊగుతూ ఊగుతూ సముద్రంలోకి పోతోంది. దాని మీద కాకులు గుంపుగా వాలి కవళ్ళు తింటున్నాయి.

"ఓరి నాయనో! పోతోంది! ఈదండి!" అని పరదేశమ్మ గుండెలు బాదుకుంది.

మసేను కదల్లేదు. ఇంజను మీద చెయ్యేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"కంగారెందుకే పిచ్చిదానా! ఇంజను మన దగ్గరుంటే పడవ ఎక్కడికి పోద్ది?"