ఆగాక వచ్చే వాసన

సుభద్రమ్మగారిని ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పరు. ముందో పని అప్పగిస్తారు. కాకినాడ ఆడపిల్లల కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం పూట ఆవిడ వరండాలో నలుగురూ చేరి గీత చదువుకుంటారు. ఆ నలుగురిలో గీతకన్నా ఎక్కువ మాట్లాడేది భీమశంకరం, మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టాయన.

ఆ ఆదివారం అందరూ వెళ్ళిపోయినా శంకరం కదల్లేదు.

"అమ్మగారూ, ఒక్కటి చెప్పండి. మా తమ్ముడితో గొడవ నేనెప్పుడో వదిలేశాను. రెండేళ్ళయింది, వాడితో పన్నెత్తి మాట్లాడలేదు. కొట్లో నన్ను చూడండి, ఎంత బేరమాడినా నవ్వుతూనే ఉంటాను. ఇంటికెళ్తే మాత్రం గడపలో చెప్పు అడ్డంగా ఉన్నా అరుస్తాను, గ్లాసు చప్పుడైనా అరుస్తాను. ఊళ్ళో ఇల్లుండగా మా అమ్మాయి హాస్టల్లో చేరతానంటోందండి. రేపు పొద్దున్నే వెళ్ళిపోతుంది. 'నాన్న కొట్టు మూశాడంటే నాకు భయం' అందట వాళ్ళమ్మతో. గొడవలన్నీ వదిలేసినవాడికి ఇంత కోపం ఎక్కణ్ణించి వస్తోందండీ?"

"కారు షెడ్డులో పెట్రోలు వాసన వస్తోంది, శంకరం," అన్నారావిడ. "ముందు అదెక్కణ్ణించో కనిపెట్టు."

ఆవిడ కారు మామూలు కారు కాదు. ఇద్దరే పట్టే ఎర్ర స్పోర్ట్స్ కారు, కార్బురేటర్ల కాలం నాటిది. ఉద్యోగం చేసే రోజుల్లో ముచ్చటపడి కొనుక్కున్నారు. దాని మరమ్మతులన్నీ ఆవిడ చేతిమీదే జరుగుతాయి. ఆ సంగతి శంకరానికి తెలుసు. అయినా పట్టుబట్టాడంటే వదిలే రకం కాదు. "ఆయ్, ఇవాళ దాని అంతు చూస్తానండి," అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

కారుని పెరట్లోకి తోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తాడు. పెట్రోలు ట్యాంకు మూత దగ్గర్నుంచి పంపు దాకా, పంపు నుంచి కార్బురేటర్ దాకా గొట్టం వెంట ముక్కు పెట్టుకుంటూ పోయాడు. క్లిప్పులు బిగించాడు. ఎక్కడా తడి లేదు. ఉప్పాడ రోడ్డు మీద ఓ చుట్టు తిప్పుకొచ్చాడు. సముద్రం గాలి తప్ప ఇంకో వాసన తగల్లేదు. తెచ్చి షెడ్డులో పెట్టి ఆపేశాడు.

"కడిగిన ముత్యంలా ఉందండి మీ కారు."

"అలాగా. కాఫీ తాగి మళ్ళీ వెళ్ళు."

కాఫీ తాగి వెళ్తే షెడ్డంతా గుప్పుమంటోంది. గభాల్న తాళం మీద చెయ్యి వేశాడు.

"ఆ వాసనలో స్టార్ట్ చెయ్యకు! ఇల్లు తగలెడతావా?" వరండాలోంచి కేక.

తలుపులు బార్లా తీసి, గాలి ఆడనిచ్చి, మళ్ళీ పెరట్లోకి తోసి, అప్పుడు స్టార్ట్ చేశాడు. వాసన మాయం. ఆపి, చేతులు కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ సిద్ధం.

"నాతో దాగుడుమూతలాడుతోందండీ ఇది!"

"అది ఆడట్లేదయ్యా, నువ్వు ఆడుతున్నావు. తిరుగుతున్నంతసేపూ వెతుకుతావు. ఆగ్గానే లేచిపోతావు. ఈసారి ఆపి, దాని పక్కన కూర్చో. నోరు కూడా ఆపి."

అది శంకరానికి క్లిప్పులు బిగించడం కన్నా కష్టమైన పని. కాసేపు తిప్పి ఆపేసి, బానెట్ ఎత్తి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఫోను మోగితే కట్ చేశాడు. నాలుక చివరిదాకా వచ్చిన కబుర్లు మింగేశాడు. వేడి ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. ఏమీ జరగట్లేదు. లేద్దామనుకుని, మళ్ళీ పట్టుదలగా కూర్చున్నాడు. అప్పుడు కార్బురేటర్ మూత అంచున సన్నగా తడి మెరిసింది. అది బొట్టయింది. బొట్టు జారి కింద వేడి ఇనుము మీద పడి, వాసనై లేచింది.

"దొరికిందండీ!"

"ముట్టుకోకు. వేడి ఇనుము, పెట్రోలు, నీ తొందర, మూడూ ఒకచోట వద్దు. చల్లారాక విప్పుదాం."

చల్లారాక ఆవిడే వచ్చి మూత విప్పి చూపించారు. లోపల, డాబా మీది నీళ్ళ ట్యాంకులో ఉండే బంతి లాంటిదే చిన్నదొకటి తేలుతోంది. దానికి ఆనుకుని ఓ సూది.

"ఇంజిన్ తాగుతున్నంతసేపూ వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుంది, తేడా తెలీదు. ఆగాక తాగేవాళ్ళుండరు. గొట్టంలో ఒత్తిడి మాత్రం ఇంకా ఉంటుంది. అప్పుడే పెట్రోలు వచ్చే దారికి అడ్డుపడి ఈ సూది గట్టిగా మూసుకోవాలి."

మూసుకోవట్లేదు. సూది మొన దగ్గర రవ్వంత నలుసు. శంకరం గుడ్డతో తీసి, గోటి మీద పెట్టుకుని ఎండలో చూశాడు. "ఇంత దానికా ఇంత వాసన!"

మూత బిగించారు. మళ్ళీ తిప్పి ఆపారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే శంకరం స్టూలు మీద కూర్చున్నాడు. తడి లేదు, వాసనా లేదు. వాళ్ళమ్మాయి చిన్నప్పుడు మార్కులు చూపించినట్టు నవ్వాడు.

"ఇంక నా సంగతి చెప్పండి."

"ఆ రోజు మీ తమ్ముడేమన్నాడు?"

"అదా? పాత సంగతండి, నేనెప్పుడో మర్చిపోయాను. కొట్టు నిండా జనం. నేను చంకనేసుకుని తిప్పినవాడు, అందరి ముందూ, 'నువ్వు నోరు మూసుకో అన్నయ్యా' అన్నాడు. సరే, మూసుకున్నాను. ఇదిగో, ఇవాళ్టికీ మూసుకునే ఉన్నాను! పండక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డా మూసుకునే ఉన్నాను! నన్నా? అందరి ముందూ నన్నా?" గొంతు లేచింది. చేతిలో స్పానరు గాల్లో ఊపాడు. గోడ మీద కాకి లేచిపోయింది.

సుభద్రమ్మగారు ముక్కు పైకెత్తి గాలి పీల్చారు. "మళ్ళీ వస్తోంది."

శంకరం కంగారుగా వంగి చూశాడు. పొడిగా ఉంది. గుడ్డ పెట్టి తడిమాడు. పొడిగానే ఉంది. తలెత్తితే, ఆవిడ కారుని చూడట్లేదు. తనని చూస్తున్నారు.

"నోరే గదా శంకరం, నువ్వు మూసుకుంది, లోపలి సూది కాదు," అన్నారు, అతని చేతిలోంచి స్పానరు మెల్లిగా తీసుకుంటూ. "వెళ్ళు. చల్లారాక విప్పు."