నూకాలు దాలి

అనగనగా అంటే ఎప్పుడని మాత్రం అడక్కండి. మా నాయనమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పే నాటికే ఇది పాత కథ. గోదారి మధ్యలో ఒక లంక. లంకలో రెండే వీధులు. పై వీధి వాళ్ళు నీసు ముట్టరు. కింద వీధి వాళ్ళకి చేప లేనిదే ముద్ద దిగదు. ఇహ చెప్పేదేముంది, రెండు వీధులూ ఉప్పూ నిప్పూ.

ఆ రెండింటి మధ్యా నూకాలు గుడిసె. కింద వీధి మనిషే. మొగుణ్ణి గోదారి తీసుకుపోయింది. పిల్లాజెల్లా లేరు. అగ్గిపెట్టెలు లేని కాలం కదా, గుడిసెలో గొయ్యి తవ్వి, పిడకలేసి, ఆరకుండా దాలి కాచేది. పొద్దున్నే రెండు వీధుల వాళ్ళూ వచ్చి కొబ్బరిచిప్పల్లో నిప్పు పట్టుకెళ్ళేవారు. తను చేప వండుకుంటే బయట పొయ్యి మీదే. దాలికి నీసు తగలనిచ్చేది కాదు. "నలుగురి నిప్పమ్మా ఇది" అనేది.

ఒక ఏడు గోదారి పొంగింది. ఇళ్ళలోకి నీళ్ళొచ్చి పొయ్యిలన్నీ ఆరిపోయాయి. గుడిసె మెరక మీద ఉంది కాబట్టి లంక మొత్తానికి నూకాలు దాలి ఒక్కటే మిగిలింది. బయట పొయ్యి మునిగింది. ఆకలికి తాళలేక ఒకే ఒక్క ఎండుచేప ఆ దాలి మీద కాల్చుకుంది, పాపం.

అప్పుడే పై వీధిలో సోమిదేవమ్మగారి కోడలు మగపిల్లాణ్ణి కంది. ముసురుకి బిడ్డ నీలుక్కుపోతున్నాడు. కుంపటి పెట్టాలి. సోమిదేవమ్మగారు మోకాటి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చింది.

"ఏమే నూకాలూ, దీని మీద ఏమన్నా కాల్చావా?"

"నిన్న ఒక్క ఎండుచేప అమ్మగోరూ. ఆకలికి ఆగలేకపోయాను. నిప్పు ముందు అబద్ధం ఆడలేను. పట్టుకెళ్ళండమ్మా, బిడ్డ ముఖ్యం."

"ఎంత పని చేశావే!" ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే ఉత్త చిప్పతో వెనక్కి తిరిగింది. "మూడ్రోజులు దాని మీద ఏమీ వండకు, నీసు అంటు పోతుంది. అప్పుడొస్తాను."

మొదటి రోజు నూకాలు నానబెట్టిన బియ్యం నమిలింది. దాలి మీద ఏమీ వండలేదు.

రెండో రోజు కింద వీధి సింగన్న చేపలు పట్టుకొచ్చాడు. "ఇక్కడే కాల్చుకుంటా. పిల్లలు ఆకలంటున్నారు."

"నిప్పు పట్టుకుపోయి మీ అరుగు మీద కాల్చుకో అన్నా. ఇక్కడ మాత్రం వద్దు. పై వీధిలో పసిబిడ్డ..."

"ఓహో! మా చేప నీకూ కంపయిందా? ఉంచుకో నీ మడి నిప్పు!" చిప్ప విసిరికొట్టి పోయాడు. ఆ రోజూ దాలి మీద ఏమీ వండలేదు. బియ్యం అయిపోయింది.

మూడో రోజు పిడకలూ అయిపోయాయి. మంచం కోళ్ళు విరిచి దాలిలో వేసింది. దాలి మీద ఏమీ వండలేదు. ఏమీ తినలేదు.

పొద్దు వాలినా సోమిదేవమ్మగారు రాలేదు. నూకాలే చిప్పలో నిప్పు పోసుకుని, వాన పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని పై వీధికి పోయింది. అరచెయ్యి కాలింది. గుమ్మం ముందు నిలబడి పిలిచింది.

"అమ్మగోరూ, మూడ్రోజులయింది. ఏమీ వండలేదు."

లోపల్నించి కోడలి ఏడుపు వినబడుతోంది. సోమిదేవమ్మగారు వచ్చి చిప్పలోకి చూసింది.

"ఇప్పుడెందుకే ఇది? పొద్దున్నే పోయాడు."

నూకాలు తిరిగొచ్చి దాలి పక్కన కూలబడింది. మళ్ళీ లేవలేదు.

మర్నాడు పై వీధి "మా మనిషి కాదు" అంది. కింద వీధి "మమ్మల్ని కాదనుకుంది" అంది. శవం అలాగే ఉండిపోయింది. ఇంతలో దాలి ఆరిపోతోందని ఎవరో అరిచారు. అంతే! రెండు వీధులూ చిప్పలు పట్టుకుని పరుగెత్తాయి. శవాన్ని దాటుకుంటూ నిప్పులు ఏరుకున్నాయి. సోమిదేవమ్మగారూ ఏరుకుంది, సింగన్నా ఏరుకున్నాడు. దాని మీద ఏం కాల్చారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. థూ, ఏం మనుషులమో! చివరికి నూకాల్నీ, గుడిసెనీ గోదారే తీసుకుపోయింది.

ఇప్పటికీ ఆ లంకలో బిడ్డ పుడితే, ముందుగా ఒక చిప్పలో నిప్పు తీసి గుమ్మంలో పెడతారు. దాని మీద ఏమీ వండరు. నూకాలు నిప్పు అంటారు. పై వీధిలోనూ పెడతారు, కింద వీధిలోనూ పెడతారు. అవతలి వీధి చిప్పలోది మాత్రం ఈ రోజుకీ ఎవరూ ముట్టరు.