నక్క కట్టిన ఐదు గుమ్మాలు

ఎర్రగుట్ట మీద ఇల్లు కట్టుకోవడమంటే మాటలు కాదండీ. కట్టే ప్రతి గదికీ, వాననీళ్ళ కాలవ గట్టుకు నలభై రాళ్ళు మోసి పడేయాలి. అది గుట్ట కట్టుబాటు. అడవిపందికేం, ఒక్క పూటలో దొర్లించేస్తుంది. కుందేలు ఈరమ్మ ఏం మోస్తుంది పాపం! తుమ్మపొద కిందే పిల్లల్ని పెట్టుకుని బతుకుతోంది. పోయిన వానల్లో పొద మునిగి ఒక పిల్ల చచ్చిపోయింది.

ఆ కబురు విన్న రోజు గుట్టపెద్ద గురవయ్య ఎద్దు గడ్డి ముట్టలేదు. మర్నాడే అందర్నీ పిలిచాడు.

"ఇల్లు లేనివాళ్ళ కోసం కట్టే ఒంటిగది ఇళ్ళకు ఇకమీదట రాళ్ళు మాఫీ."

"మరి గట్టెవరు కడతారు?" గయ్యిమంది అడవిపంది.

"ఆ రాళ్ళు నేను మోస్తాలే."

ఇక్కడే నక్క రంగబాబు చెవులు నిక్కబొడుచుకున్నాయి. వాడికి ఐదు గదుల ఇంటి మీద మనసుంది, రెండు వందల రాళ్ళ మీద లేదు. ఐదు గదులూ తవ్వి, ఐదింటికీ వేర్వేరు గుమ్మాలు పెట్టి, "లేనివాళ్ళకు ఐదు ఇళ్ళు" అని చాటేశాడు. గురవయ్య చూడ్డానికొచ్చే రోజు ఈరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"అక్కా, ఒక్క పూట మా గుమ్మంలో నిలబడు. సాయంత్రం వెళ్ళిపోదువుగాని. గంపెడు చిక్కుడుకాయలిస్తా."

పిల్లలు ఆకలి మీదున్నారు. ఈరమ్మ వెళ్ళింది. ఇళ్ళు లేని ఉడుత, తాబేలు, ముంగిస, తొండ కూడా వచ్చాయి.

రంగబాబుకు అంతటితో ఆగాలని లేదు. అచ్చం గృహప్రవేశంలా ఉండాలని మామిడాకులు కట్టాడు, పొయ్యిలు పెట్టాడు, ఆవుల్ని బతిమాలి పాలు తెచ్చి అందరిచేతా పొంగించాడు.

గురవయ్య వచ్చి చూసి కరిగిపోయాడు. "ఒరే రంగా, నువ్వింత మంచివాడివని తెలియక ఎన్నిసార్లు తిట్టుకున్నానో!"

ఈరమ్మ చిన్నపిల్ల పొయ్యి పక్కన వెచ్చగా ముడుచుకుని అడిగింది: "అమ్మా, ఇంక ఇక్కడే ఉంటామా?"

ఈరమ్మకు దుఃఖం ఆగలేదు. "తాతా, ఇది మాది కాదు. నువ్వు చూసి వెళ్ళేదాకా నిలబడమన్నాడు. నా పిల్లకు ఏమని చెప్పను?"

గురవయ్య నక్క వంక చూశాడు. వాడు నేల చూపులు చూశాడు.

"ఈ పాలు పొంగించిందెవరమ్మా?"

"మేమే తాతా. రంగబాబే పొంగించమన్నాడు."

"మరింకేం! పాలు పొంగించినవాళ్ళదే ఇల్లు. ఇవాళ నిద్ర కూడా ఇక్కడే చేయాలి."

"అయ్యో పెద్దయ్యా, అవి ఉత్తుత్తి పాలు!"

"పాలల్లో ఉత్తుత్తివి ఉంటాయిట్రా? పోనీ, ఇల్లు నాదే అంటావా, అను. రెండు వందల రాళ్ళు. కాలవ అదిగో."

రంగబాబు రాళ్ళగుట్ట వైపు చూశాడు, నడుం తడుముకున్నాడు, తన పాత బొరియ దారి పట్టాడు.

"తమ్ముడూ," వెనక నుంచి పిలిచింది ఈరమ్మ, "రెండు ముద్దలు తిని వెళ్ళు. తవ్వీ తవ్వీ అలిసిపోయావు."

వాడికి సిగ్గేసింది. అయినా తిన్నాడు.

నాలుగు రోజులకు వాన దంచి కొట్టింది. ఈరమ్మ పిల్లలు అటు నుంచి ఇటు కూడా దొర్లలేదు, అంత నిద్ర.

లేనివాళ్ళ పేరు చెప్పి మాఫీ పొందిన ఇల్లు లేనివాళ్ళకే దక్కాలి.